కూనను ఇంటికి దెచ్చుటకు ముందు



నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము చూచుటకు చిన్నది. మొదటిసారిగా కుక్కనో పిల్లినో పెంపదలచినవారు సామాన్యముగా చేయు పొరపాట్లు, వాని నివారణోపాయములు. "ఇంతమాత్రమునకు ప్రసంగమేల?" అని కొందఱనవచ్చును. ఎద్దును కొనువారు పండ్లు చూతురు, సుడులు చూతురు, నలుగురిని విచారింతురు. కుక్కపిల్లనో, బిడ్డలు దారిలో కనుగొని యెత్తుకొనివచ్చిన నాడే అది యింటిదగును. విచారణ యేమియు లేదు. చిక్కులన్నిటికిని మూలమిదియే.

నేను చెప్పదలచిన మాట యొక్కటే. పెంపుడు జంతువు ఒక్క యింటి సొత్తు కాదు. దాని మంచిచెడ్డలు ఊరంతటికిని, ఊరిచుట్టునున్న ప్రాణులకును చెందును. పులికాట్ సరస్సు తీరవాసులమైన మనకు ఈ మాట మఱింతగా వర్తించును.

మొదటి పొరపాటు ఎన్నికయందు. పటములలో చూచి సైబీరియన్ హస్కీ వంటి మంచుదేశపు కుక్కలను కోరువారు ఇప్పుడు పల్లెలలోను కానవచ్చుచున్నారు. కుక్కకు మనకువలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది ముఖ్యముగా వేడిని వెడలించుకొనును. దట్టమైన బొచ్చుగల యా జంతువునకు మన వైశాఖ జ్యేష్ఠముల యెండ నరకము. మన గాలికి, మన నీటికి అలవాటుపడిన నాటుకుక్క యుండగా వేలకు వేలు పోసి ప్రాణిని బాధించుట యెందులకు? కొల్లేటి ప్రాంతమున బాతుల కాపరులకు తోడుగానుండు పొట్టిబొచ్చు జోనంగి కుక్క మన తెలుగునేలకు తగినదే. ఏ జాతిదైనను, ఎనిమిది వారములు నిండకముందే కూనను తల్లినుండి వేఱు చేయరాదు. తల్లిపాల బలమును, తోడికూనలతో ఆటలాడి కఱచుటకు హద్దు నేర్చుకొనుటయు, రెండును అప్పుడే జరుగవలెను.

రెండవది ఆహారము. పాలన్నమే కుక్కకు సర్వస్వమని మనవారి తలంపు. తల్లిపాలు మానిన కూనలలో అనేకమునకు ఆవుపాలు అరుగక విరేచనములగును. అన్నముతోపాటు గ్రుడ్డో, చేపయో, మాంసమో కొంత యుండవలెను. సరస్సు చేపలు మనకు కొదువ లేవు గాని, ముండ్లు తీసి పెట్టవలెను. ఉప్పుచేప పనికిరాదు. ఉడికిన యెముకలు చీలి ప్రేగులను గ్రుచ్చును. ఉల్లి, వెల్లుల్లి కుక్కకును పిల్లికిని రక్తమును చెఱచును. చాక్లెట్టు, ద్రాక్ష కుక్కకు విషతుల్యములు. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. దానికి వలసిన టారిన్ అను పదార్థము మాంసమునందును చేపలందును లభించును. అది కొఱతపడిన పిల్లికి చూపును గుండెయు చెడును. కావున శాకాహారముతోనే పెంపదలచినవారు పిల్లిని చేరదీయకుండుటయే ధర్మము. మనుష్యుల జ్వరమునకిచ్చు పారసెటమాల్ బిళ్ల పిల్లి ప్రాణమునే తీయగలదు. ఇంటిలోని మందును ఇంటిజంతువునకు మన యిష్టము చొప్పున వేయరాదు.

మూడవది అన్నిటికంటె ఘోరమైనది: టీకా వేయింపకుండుట. "ఇది యింటిలో పుట్టి పెరిగినది, దీనికి పిచ్చి యెక్కడిది?" అందురు. రాత్రివేళ ఒక పిచ్చికుక్క దొడ్డిలో దూరి కఱచిపోయినచో ఎవరికి తెలియును? కూనకును ఆ వ్యాధి రాగలదు. నేను బడిలో పని చేయుచుండగా నా తరగతి బాలుడొకడు తన యింటి కూన పండ్లు గీచికొని చిన్న గాయముతో వచ్చినాడు. ఇంటివారు గాయమున కారము, సున్నము అద్ది, తాయెత్తు కట్టించి ఊరకున్నారు. గాయము మానినది. రెండు నెలలకు ఆ బాలుడు నీటిగ్లాసును చూచి వణకినాడు. ఆపైన ఏ వైద్యుడును చేయగలిగినది లేకపోయెను. రేబీస్ లక్షణములు పైకి కనబడిన తరువాత రోగి బ్రతుకుట అత్యంత దుర్లభము. అంతకుముందైనచో తప్పించుట సాధ్యము.

1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి కాపాడెను. 1907లో మన దక్షిణదేశమున కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసినది. వెనుకటి దినములలో బొడ్డుచుట్టు పొడిచెడు సూదులకు జనులు భయపడెడివారు. ఇప్పుడు భుజమునకే వేయుదురు. కావున కఱచినను, గీచినను, పుండుపై నాకినను చేయవలసినది ఇది: సబ్బుతో, పాఱు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, కాఫీపొడి ఏదియు అద్దరాదు. ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. వైద్యుడు చెప్పిన సూదులలో ఒక్కటియు మానరాదు. చర్మము తెగి నెత్తురు వచ్చినచో గాయమునందే వేయు మఱియొక మందు కలదు, దానిని గూడ అడుగవలెను.

కూనకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, పిమ్మట వైద్యుని సలహాపై ఏటేట వేయించుచుండవలెను. ఇతర వ్యాధుల టీకాలు అంతకుముందే, ఆఱు ఎనిమిది వారముల నడుమ మొదలిడవలెను. ఏలికపాముల మందు రెండు మూడు వారముల వయస్సునుండియే ఆరంభింపవలెను. ఆ పురుగుల గ్రుడ్లు మట్టిలో నుండి మన బిడ్డల కడుపులలోనికిని చేరును. మండల కేంద్రములందు పశువైద్యశాలలు కలవు. తిరుపతిలో 1955 నాటినుండి పశువైద్య కళాశాలయు, 2005 నుండి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును ఉన్నవి. వైద్యము దూరమని చెప్పుట మనకు చెల్లదు.

నాలుగవది కొట్టి నేర్పుట. భారతము ఆదిపర్వమున సరమ యను దేవశునకము కథ పెద్దలెఱిగినదే. తన బిడ్డ యేమియు ముట్టకున్నను జనమేజయుని తమ్ములు కొట్టినారని ఆమె రాజసభకు వచ్చి న్యాయమడిగినది. కుక్కకు సారమేయమను పేరు ఆమెవలననే వచ్చినది. చేసిన తప్పేమో తెలియక దెబ్బ తినిన కుక్క భయమునే నేర్చుకొనును. భయపడిన కుక్కయే కఱచును. మంచి పని చేసిన తక్షణము చిఱుతిండి నిచ్చి మెచ్చుకొనిన యెడల అది శీఘ్రముగా నేర్చుకొనును. పగలంతయు గొలుసున కట్టివేయుటయు క్రౌర్యమునే పెంచును.

ఐదవది దానికి ఎదురుతప్పు: రాత్రింబవళ్లు విడిచివేయుట. వేసవిలో సరస్సు నీరు తగ్గి బురదనేల బయలుపడును. తీతువు మొదలైన పక్షులు అట్టి నేలమీదనే గ్రుడ్లు పెట్టును. దూరదేశములనుండి చలికాలమున వచ్చు పక్షులు ఆ లోతులేని నీటిలోనే మేసి బలము కూర్చుకొనును. మన కుక్క ఆటకై తఱుమునప్పుడెల్ల అవి మేత మాని యెగిరి, కూడబెట్టిన బలమును ఖర్చుచేయవలసి వచ్చును. రాజహంసలను చూచుటకు, నేలపట్టున గూడబాతుల గూళ్లు చూచుటకు ఎక్కడెక్కడివారో వచ్చుచుండగా, మన యింటి కుక్కచేతనే వానిని పాఱద్రోలించుట తగునా?

వీనితో కూడినదే సంతతి విషయము. ఆడుకుక్క మొదటి యేటనే చూలు దాల్చవచ్చును. సుమారు అఱువదిమూడు దినములకు ఈనును. పిల్లలను గోనెసంచిలో కట్టి గట్టున విడుచుట పాపము, ఊరికి ఉపద్రవము. పశువైద్యునిచే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుటయే ఉత్తమ మార్గము.

మఱియొక హెచ్చరిక. రామచిలుకను పంజరమున నుంచుటయు, నక్షత్ర తాబేలు భాగ్యమిచ్చునని యింట పెట్టుకొనుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరములు. అవి పెంపుడు జంతువులు కావు, అడవి బిడ్డలు.

కావున మనుమడు కూనను చంకనబెట్టుకొని గుమ్మమున నిలిచినప్పుడు ఇంటి పెద్ద నాలుగు ప్రశ్నలడుగవలెను. దీనికి ప్రతిదినము తిండి పెట్టువారెవరు? టీకాకు తీసికొనిపోవువారెవరు? మనము ఊరికి పోయినప్పుడు చూచువారెవరు? పది పన్నెండేండ్లు, అది ముసలిదై కన్ను కానకున్నను, ఉంచుకొందుమా? నాలుగింటికిని సమాధానము దొరకినచో కూనను లోపలికి రానిండు. ఒక్కదానికి దొరకకున్నను, తల్లియొద్దకే మరల చేర్చుడు. అదియు దయయే.