మోకాలి కీలు మార్పిడి – శస్త్రచికిత్సకు పూర్వం వ్యాయామ శిక్షణ

మోకాలి కీలు మార్పిడికి తేదీ నిర్ణయమైన రోగిని ‘అంతవరకు కాలు కదపవద్దు’ అని ఇంటివారు కూర్చోబెట్టడం తరచుగా కనిపిస్తుంది. ఈ సానుభూతి మేలు చేయదు. నొప్పికి జడిసి నడక తగ్గించినకొద్దీ తొడ ముందుభాగపు కండరం క్షీణిస్తుంది. శస్త్రచికిత్స అరిగిన కీలును మార్చగలదే గాని పోయిన కండరబలాన్ని తిరిగి ఇవ్వలేదు. పైగా కీలులోని వాపు వలన నాడీసంకేతాలు మందగించి, తొలి నెలలో ఆ బలం పూర్వమున్న దానిలో దాదాపు సగానికి పడిపోతుంది. కుర్చీలోనుండి లేవడానికైనా, మెట్లెక్కడానికైనా ఆధారం ఆ మిగిలిన సగమే. కనుక ముందుగా కూడబెట్టుకొన్న నిల్వ ఎంత అన్నదే ప్రశ్న.

కాలు నిటారుగా ఎత్తి నిలపడం, మోకాలి కింద చుట్టిన తువ్వాలును అదమడం, కుర్చీలో కూర్చొని లేవడం వంటి వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కొన్ని వారాలు చేయిస్తారు. వాపు పెరిగితే తీవ్రత తగ్గించాలి. 2017లో స్పెయిన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 3 రోజుల చొప్పున 8 వారాలు బలవర్ధక శిక్షణ పొందినవారు శస్త్రచికిత్స అనంతరం 3 నెలల వరకు మెరుగ్గా ఉన్నారు. ఏడాది గడిచేసరికి మాత్రం ఇటువంటి శిక్షణ పొందినవారికీ పొందనివారికీ మధ్య తేడా సాధారణంగా స్వల్పమే. దీనిని వైఫల్యమనడం సరికాదు. ఒంటరిగా నివసించే వృద్ధురాలు స్నానాలగదికి తనంత తాను వెళ్ళగలగవలసినది ఆ తొలి వారాలలోనే.