మొదటి ఎయిర్ రైఫిల్ కొనేముందు...



మాది పాలమూరు జిల్లాలో ఒక చిన్న పల్లె. జొన్నచేను కంకి పట్టే కాలంలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలడం నా పని. గురి అనేది నాకు అక్కడే పరిచయం. డిగ్రీలో ఎన్.సి.సి. క్యాంపులో మొదటిసారి రైఫిల్ పట్టుకున్నప్పుడు ఐదు గుండ్లూ దగ్గరదగ్గరగా పడ్డాయి. "బాగుంది, ప్రాక్టీసు చెయ్" అన్నారు అక్కడి హవల్దారు. ఆ ఒక్క మాటకే నేను పెద్ద షూటర్‌నైపోయాననుకున్నాను.

నాయిన రెండు మేకలు అమ్మాడు. నా స్కాలర్‌షిప్ డబ్బులు కొన్ని కలిపాను. నగరంలో ఒక దుకాణానికి వెళ్ళి, అతను చూపించిన వాటిలో బరువైనదీ, పైన దుర్భిణి బిగించి ఉన్నదీ కొన్నాను. ఇంటికి తెస్తే మా అవ్వ, "ఏందిరా కొడకా, తుపాకి తెచ్చినవ్?" అని బెదిరిపోయింది. వారం తర్వాత ఒక రేంజికి తీసుకెళ్ళాను. అక్కడి కోచ్ గారు చూసి, "బాబూ, దీంతో పోటీలో నిలబడనివ్వరు" అన్నారు. దుకాణంవాళ్ళు వాపసు తీసుకోలేదు. ఇంకొకరి మేకలు ఇలా పోకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆట ఏమిటి?

ఒలింపిక్స్‌లో ఉన్న పోటీ పేరు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. నిలబడి, ఏ ఆధారమూ లేకుండా, 60 షాట్లు కొట్టాలి. లక్ష్యం మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అంటే ఆవగింజ కన్నా చిన్నది! ఈ పోటీలోనే 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా మన దేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచాడు.

ఇక్కడ బలం పనికిరాదని గమనించండి. పోటీ రైఫిల్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. మనం ఇంటర్‌లో చదివిన గతిశక్తి సూత్రంలో వేసి చూడండి. ఎనిమిది జౌళ్ళ లోపే వస్తుంది. పది మీటర్ల దూరంలోని కాగితానికి ఇంతకు మించి అక్కర్లేదు. "ఇది చాలా పవర్‌ఫుల్" అని దుకాణదారు చెబితే అది మన ఆటకు సంబంధించిన గుణం కాదని అర్థం చేసుకోండి. నేను పడిపోయింది అక్కడే.

చూపు ఏ రకం?

దుర్భిణి ఉన్న రైఫిల్‌ను ఈ పోటీలో అనుమతించరు. రెండు రకాల చూపులున్నాయి. ఓపెన్ సైట్‌లో వెనక ఒక గాడి, ముందు ఒక మొన ఉంటాయి. మన దేశంలో పాఠశాల క్రీడల్లో ఈ విభాగం ఉంది. పీప్ సైట్‌లో వెనక చిన్న రంధ్రం, ముందు ఒక ఉంగరం ఉంటాయి. రంధ్రంలోంచి చూస్తే ఉంగరం మధ్యలో నల్లటి చుక్క కుదురుకోవాలి. ఒలింపిక్ పద్ధతి ఇదే. మీరు ఏ విభాగంలో దిగుతారో ముందు తేల్చుకొని, ఆ విభాగం నియమాలు అడిగి తెలుసుకొని, ఆ తర్వాతే రైఫిల్ గురించి ఆలోచించండి.

గాలి ఎలా పనిచేస్తుంది?

చవకైనవి స్ప్రింగ్ రైఫిళ్ళు. గొట్టాన్ని వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. ఆ దూకుడుకు రైఫిల్ వెనక్కి, వెంటనే ముందుకు అదురుతుంది. ఈ అదురు పెల్లెట్ గొట్టం దాటకముందే మొదలవుతుంది కనుక, పట్టు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటే గుండు ఒక్కోచోట పడుతుంది. నేర్చుకోవడానికి మంచి గురువే గానీ, కఠినమైన గురువు. పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చితే స్ప్రింగ్, సీలు దెబ్బతింటాయి.

రెండో రకంలో సిలిండర్‌లో ముందే నింపిన గాలి ఉంటుంది. సుమారు 200 బార్ల ఒత్తిడి. అదురు దాదాపు ఉండదు. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్షుట్జ్, స్టెయర్ వంటి పోటీ రైఫిళ్ళన్నీ ఇప్పుడు ఈ రకమే. కొత్తవి లక్షల్లో ఉంటాయి. మన దేశంలో ప్రెసిహోల్ వంటి కంపెనీలు కూడా ఎయిర్ రైఫిళ్ళు చేస్తున్నాయి. అయితే సిలిండర్‌లో గాలి ఎక్కడ నింపుతారో ముందే అడగండి. సైకిలు షాపులో నింపే గాలి కాదిది. మన ఊళ్ళో దానికి ప్రత్యేకమైన చేతిపంపు కావాలి.

వాడిన రైఫిల్ కొంటే సిలిండర్ మీద ముద్రించిన తేదీ తప్పక చూడండి. తయారీదారులు మామూలుగా పదేళ్ళ గడువు ఇస్తారు. గడువు దాటితే కొత్త సిలిండర్ ఖర్చు కూడా మీదే. చవకగా వచ్చిందనుకున్నది అక్కడ ఖరీదవుతుంది.

మీ ఒంటికి సరిపోతుందా?

చొక్కా కొలత చూసుకున్నట్టే రైఫిల్ కొలత చూసుకోవాలి. భుజానికి ఆనించినప్పుడు మెడ సాచకుండా, తల వంచకుండా కన్ను నేరుగా చూపు వెనక్కి రావాలి. బట్ పొడవు, చెంప ఆనే చెక్క ఎత్తు మార్చుకొనే వీలుంటే ఎదిగే పిల్లలకు మేలు. బరువు 5.5 కిలోలు దాటకూడదన్నది నియమం. కానీ హాస్టల్ తిండి తినే పదో తరగతి పిల్లలు అంత బరువును గంటకు పైగా మోయడం కష్టం. ఎడమచేతివాటం ఉంటే ముందే చెప్పండి. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి ఐదు పెల్లెట్లు కొట్టి చూడనివ్వమనండి. పోటీకి పనికొచ్చే రైఫిల్ అయితే ఐదూ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. డబ్బు మొత్తం రైఫిల్‌కే పెట్టకండి. చదును ముక్కు పెల్లెట్లకూ, రేంజి ఫీజుకూ, బస్సు చార్జీలకూ మిగలాలి.

చట్టం, జాగ్రత్త

4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. ఎన్.సి.సి.లో వాడే .22 రైఫిల్ సంగతి వేరు. లైసెన్సు అక్కర్లేదంటే ఆటవస్తువని కాదు. కంటికి తగిలితే కన్ను పోతుంది. బిల్లు దగ్గర ఉంచుకోండి, సంచిలో పెట్టి తీసుకెళ్ళండి, ఎప్పుడూ నిండి ఉన్నట్టే భావించండి. పిట్టల మీద పేల్చకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక అన్నం తినేముందు చేతులు కడుక్కోండి.

చివరి మాట

అన్నిటికన్నా మంచి సలహా ఒకటుంది. వెంటనే కొనకండి. గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజి ఉంది. అటువంటి చోట రేంజి రైఫిల్‌తో కొన్ని నెలలు నేర్చుకొంటే మీకేం కావాలో మీ భుజమే చెబుతుంది. నేను ఆ పని తర్వాత చేశాను. ముందే చేయవలసింది.

మన గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. శిక్షణ మొదలైంది మన భువనగిరి గుట్ట మీదే. ఆ పరికరాలేవీ ఆమె తల్లిదండ్రులు కొన్నవి కావు. సౌకర్యం ఉమ్మడిగా అందితే కూలీల పిల్లలు ఎంతవరకు వెళ్ళగలరో ఆమె చూపించింది. అందుకే పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఒక్కొక్కరం ఒక్కో రైఫిల్ కొనలేం. పది మందిమి కలిస్తే హాస్టల్ పేరు మీద ఒక మంచి పీప్ సైట్ రైఫిల్ కొనవచ్చు. అధికారుల అనుమతి, తాళం వేసే పెట్టె, నేర్పే మనిషి ముందుగా ఉండాలి. నా మొదటి జీతంలోంచి నా వాటా ఇస్తాను.

నేను కొన్న రైఫిల్ ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉంది. ఎలాంటిది కొనకూడదో చూడాలనుకుంటే సెలవుల్లో మా ఊరు రండి, దించి చూపిస్తాను.