క్యాష్ బ్యాక్ కార్డు: తీసుకునే ముందు వేయవలసిన లెక్క



హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూర్, యానాంల నుంచి పైచదువులకో తొలి ఉద్యోగానికో పెద్ద ఊళ్ళకు వెళ్ళిన మన పిల్లలు "మాస్టారూ, ఏ క్యాష్ బ్యాక్ కార్డు మంచిది?" అని అడుగుతుంటారు. నేను బ్యాంకులో చాలాకాలం పనిచేశాను గనుక నన్ను అడగడం సహజమే. అయితే నేను ఏ కార్డు పేరూ చెప్పను. వాటి షరతులు తరచు మారిపోతుంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం చెబుతాను.

మనం కార్డు గీకినప్పుడు దుకాణదారు నుంచి బ్యాంకుకు కొంత రుసుము వెళ్తుంది. మనకు వచ్చే వాపసు అందులోని చిన్న వాటా. బాకీ ఉంచేవారు కట్టే వడ్డీ కూడా ఈ వ్యాపారానికి పెద్ద ఆధారం.

ముందుగా మీ నెల ఖర్చును కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు నెలకు 8,000 రూపాయలు అనుకుందాం. ఇందులో ఆన్‌లైన్ కొనుగోళ్ళు 2,000, ఇతర దుకాణాల్లో 4,000, పెట్రోలు, గది అద్దె వాటా కలిపి 2,000. ఈ చివరి రెండింటికీ చాలా కార్డులు వాపసు ఇవ్వవు. కాలేజీ ఫీజుకు ఇస్తారో లేదో కూడా ముందే చూసుకోవాలి. ఒక కార్డు ఆన్‌లైన్‌లో 5 శాతం, మిగతా చోట్ల 1 శాతం ఇస్తుంది, వార్షిక రుసుము 999 అనుకోండి. నెలకు 140, ఏడాదికి 1,680 వస్తుంది. రుసుము మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179 పోతుంది. మిగిలేది 501. రుసుము లేకుండా అన్నిచోట్లా 1 శాతమే ఇచ్చే కార్డుతో ఏడాదికి 720 మిగులుతుంది! అయిదు శాతం అని పెద్ద అక్షరాలతో వేసిన కార్డే ఇక్కడ వెనకబడింది. నెలకు ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి ఉంటే అదీ చూడాలి.

ఇక అసలు సంగతి. బిల్లులో "కనీస చెల్లింపు" అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది. అది కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆలస్య రుసుము తప్పుతుంది గానీ వడ్డీ తప్పదు. 8,000 బిల్లుకు 400 మాత్రమే కట్టారనుకోండి. మిగిలిన 7,600 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 266, దాని మీద జీఎస్టీ 48, మొత్తం 314 రూపాయలు. రుసుము లేని కార్డు అయిదు నెలలు ఇచ్చిన వాపసు ఒక్క నెలలో పోయినట్టే. వడ్డీని కొన్న తేదీ నుంచి లెక్కిస్తారు గనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా ఆ బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్ళకు కూడా వడ్డీలేని గడువు ఉండదు. ఏటీఎంలో ఈ కార్డుతో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, అదనంగా రుసుము. అందుకే బ్యాంకు ఖాతా నుంచి పూర్తి బిల్లు దానంతటదే చెల్లేలా ఏర్పాటు చేసుకోమని నా సలహా. అలా పెట్టేటప్పుడు "మొత్తం బాకీ" ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి.

సంపాదన లేని విద్యార్థికి మామూలు కార్డు దొరకడం కష్టం. పద్దెనిమిదేళ్ళు నిండితే ఫిక్సెడ్ డిపాజిట్ పూచీ మీద కొన్ని బ్యాంకులు ఇస్తాయి. నాన్నగారి కార్డుకు అనుబంధ కార్డు తీసుకుంటే మీరు చేసిన ఖర్చుకు బాధ్యత ఆయనదే అవుతుంది. అది మనసులో ఉంచుకోవాలి. నన్నడిగితే నెల ఖర్చు నాలుగైదు వేలు దాటని వారికి అసలు కార్డు అవసరమే లేదు.

అడగకుండా కార్డు పంపకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. వద్దనుకున్న కార్డును బాకీ తీర్చి మూసేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు ఇవ్వాలి. కాబట్టి ఆ కోరికను ఫోనులో చెప్పి ఊరుకోక, ఈమెయిల్‌లో కూడా రాసి తేదీ భద్రపరచుకోగలరు.