రష్యా రాజకుటుంబ పతనము: ఒక తల్లి దాచిన దుఃఖము

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట ఎంతటి గొప్పవారి విషయమునను నిజమగుననుటకు రష్యా దేశపు కడపటి చక్రవర్తి కుటుంబ చరిత్రమే నిదర్శనము. 1913వ సంవత్సరమున రోమనోవు వంశమువారు తాము సింహాసన మధిష్ఠించి మూడువందల యేండ్లు నిండెనని మహోత్సవములు జరిపిరి. మరి అయిదేండ్లు గడచునప్పటికి చక్రవర్తియు, ఆయన భార్యయు, అయిదుగురు బిడ్డలును ఒక యింటి క్రింది గదిలో తుపాకి గుండ్లకు బలియైరి. ఈ పతనమునకు రాజకీయ కారణము లనేకములు కలవు. కాని వానితో పెనవేసికొని ఒక తల్లి దుఃఖమును, ఆమె దానిని లోకమునకు తెలియనీయక దాచుటయు ఉన్నవి. కావున ఈ కథ మనము ప్రత్యేకముగా ఆలోచింపదగినది.

ఆ తల్లి పేరు అలెగ్జాండ్రా. ఆమె జర్మనీ దేశములోని హెస్సె సంస్థానాధీశుని కుమార్తె. ఇంగ్లండు రాణియగు విక్టోరియాకు దౌహిత్రి. 1872లో జన్మించి, ఆరేండ్ల ప్రాయముననే తల్లిని గోలుపోయెను. డిఫ్తీరియా యను కంఠరోగము నెల దినములలోనే ఆమె చిట్టి చెల్లెలిని, తల్లిని హరించెను. అమ్మమ్మ ఆదరణలో పెరిగిన ఆ బాలిక 1894లో రష్యా చక్రవర్తియగు రెండవ నికొలాసును వివాహమాడెను. ఆయన యువరాజుగా నుండినపుడు 1890-91 సంవత్సరములలో మన హిందూదేశమును గూడ చూచిపోయినవాడు. మామగారగు మూడవ అలెగ్జాండరు అంత్యక్రియలు జరిగిన వారము దినములకే ఈ వివాహము జరిగెను. శవపేటిక వెంట వచ్చిన కోడలని జనులు గుసగుసలాడిరట. కోడలు అడుగుపెట్టిన వేళను తప్పుపట్టుట మన దేశముననే కాదు కాబోలు!

1896లో మాస్కో నగరమున పట్టాభిషేకము జరిగెను. ఆ సందర్భమున ఖొదింకా మైదానములో ప్రజలకు రొట్టె, మిఠాయి, ఒక పానపాత్ర బహుమానముగా నిత్తుమని ప్రకటింపగా లక్షలకొలది జనులు చేరిరి. త్రొక్కిసలాటలో 1300 మందికి పైగా మరణించిరి. ఆ రాత్రి చక్రవర్తి దంపతులు ఫ్రెంచి రాయబారి విందుకు పోయి నృత్యములో పాల్గొనిరి. మరునాడు వారు ఆసుపత్రులకు పోయి గాయపడినవారిని పరామర్శించిన మాట నిజమే. అయినను జనులు పరామర్శను మరచి, విందునే జ్ఞాపకముంచుకొనిరి.

అలెగ్జాండ్రాకు వరుసగా ఓల్గా, తతియానా, మరియా, అనస్తాసియా అను నలుగురు కుమార్తెలు కలిగిరి. 1797లో నేర్పడిన శాసనము ననుసరించి ఆ వంశమున పురుషుడున్నంతవరకు స్త్రీకి సింహాసనము లేదు. కావున ప్రతి పురుటికిని దేశమంతయు మగబిడ్డకై ఎదురుచూచుచు, ఆడపిల్ల పుట్టెనని విని పెదవి విరుచుచుండెను. ఆ తల్లి మనస్సు ఎట్లుండెనో మనలో పలువురకు చెప్పనక్కరలేదు. తుదకు 1904వ సంవత్సరము ఆగస్టు నెలలో అలెక్సెయి యను కుమారుడు కలిగెను. దేశమంతట గంటలు మ్రోగెను, ఫిరంగులు ప్రేలెను. కాని కొలది వారములలోనే శిశువు బొడ్డునుండి రక్తము కారసాగి ఎంతకును నిలువదాయెను.

అది హీమోఫీలియా యను వ్యాధి. ఈ వ్యాధి గలవారికి గాయమైనచో రక్తము గడ్డకట్టదు. చిన్న దెబ్బ తగిలినను కీళ్లలోనికి రక్తము దిగి, వాపును భరింపరాని బాధయు కలుగును. ఈ దోషము సాధారణముగా స్త్రీలను బాధింపదు. తల్లినుండి కొడుకులకు సంక్రమించును. విక్టోరియా రాణి కుమార్తెల ద్వారా ఇది ఐరోపా రాజగృహములలో కొన్నింట ప్రవేశించెను. అలెగ్జాండ్రా అన్నదమ్ములలో ఒకడు పసితనముననే కిటికీనుండి పడి, రక్తస్రావముచే మరణించెను. నేడు ఈ వ్యాధిగ్రస్తులకు సూదిమందులు కలవు. ఆనాడు వైద్యుల చేతిలో ఏ మందును లేకుండెను. తన రక్తమే తన బిడ్డకు విషమైనదని తెలిసిన తల్లికి నిదుర పట్టునా?

రాజదంపతులు ఈ సంగతిని రహస్యముగా నుంచ నిశ్చయించిరి. కాబోవు చక్రవర్తి రోగిష్ఠియని తెలిసినచో సింహాసనమునకు చేటని వారి భయము. సామ్రాజ్ఞి సభలకు రాక, విందులు మాని, సార్‌స్కొయె సెలో యను ఊరిలోని సౌధమున బిడ్డ మంచము విడువక కూర్చుండెను. కారణ మెరుగని జనులు ఆమెను గర్విష్ఠియనిరి, విదేశీయురాలనిరి. నిజము చెప్పియుండినచో ఆ దేశపు తల్లులందరును ఆమెకొరకు ప్రార్థించియుందురేమో!

ఇట్టి నిస్సహాయస్థితిలో సైబీరియానుండి వచ్చిన రాస్పుతిన్ అను రైతు ఆమెకు దేవుడు పంపిన మనుష్యునివలె తోచెను. అతడు ప్రార్థించిన బాలుని బాధ తగ్గునని ఆమె నమ్మెను. 1912లో పోలండులోని స్పాలా అను చోట బాలునికి ప్రాణము మీదికి వచ్చెను. వైద్యులు ఆశ వదలుకొనిరి. అంత్యకాలపు ప్రార్థనలు గూడ జరిగెను. అప్పుడు సైబీరియానుండి రాస్పుతిన్, బాలుడు చావడని తంతి పంపెను. తరువాత బాలుడు కోలుకొనెను. కాకతాళీయమో, తల్లి మనస్సు కుదుటపడగా బిడ్డయు కుదుటపడెనో, నాటినుండి ఆమెకు అతని మాట వేదవాక్కయ్యెను. వెలుపలివారికి మాత్రము అతని త్రాగుడు, దుర్నడత కనబడెను. రోగసంగతి తెలియనివారు ఇట్టివానికి అంతఃపురమున నేమి పనియని ఆశ్చర్యపడి, నోటికి వచ్చిన అపవాదులెల్ల కల్పించిరి.

ఇంతలో దేశము ఉడికిపోవుచుండెను. 1905వ సంవత్సరము జనవరి 22వ తేదీని రాజధానియగు సెంటుపీటర్సుబర్గులో వేలకొలది పనివారు, భార్యాబిడ్డలతో, దేవుని పటములను చక్రవర్తి పటములను చేబూని మహజరు నిచ్చుటకు రాజసౌధమువైపు నడచిరి. సైనికులు వారిని కాల్చిరి. ఆనాడు నికొలాసు నగరమున లేడు. అయినను పాపము ఆయన తలకే చుట్టుకొనెను. జపానుతో జరిగిన యుద్ధమున రష్యా ఓడిపోయెను. 1906లో డ్యూమా యను ప్రతినిధిసభ యేర్పడినను, చక్రవర్తి దానికి నిజమైన అధికార మీయ నిష్టపడలేదు. తన తండ్రి తన కప్పగించిన నిరంకుశాధికారమును తన కుమారున కప్పగించుటయే ధర్మమని ఆయన తలంచెను. నికొలాసు మంచి భర్త, మంచి తండ్రి. మంచి రాజు మాత్రము కాలేకపోయెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. అలెగ్జాండ్రా తన పెద్ద కుమార్తెలిద్దరితో నర్సు పనిని నేర్చి, గాయపడిన సైనికులకు స్వహస్తములతో కట్లు కట్టెను. 1915లో చక్రవర్తి సేనాధిపత్యమును తానే వహించి రణరంగమునకు పోవుటతో రాజధానిలో ఆమె మాటకు బలము హెచ్చెను. ఏడాదిన్నర లోపల నలుగురు ప్రధానమంత్రులు మారిరి. జర్మను స్త్రీ గనుక శత్రువులకు రహస్యములు చెప్పుచున్నదని ఆమెపై నింద పుట్టెను. 1916 డిసెంబరులో కొందరు ప్రభువంశీయులు రాస్పుతిన్‌ను చంపిరి. అప్పటికే కాలము మించిపోయెను.

ఇక రెండవ ప్రక్క చూడుడు. పెట్రోగ్రాడని పేరు మార్చిన ఆ రాజధానిలో స్త్రీలు గడ్డకట్టు చలిలో రొట్టె అంగళ్లయెదుట గంటలకొలది వరుసలలో నిలువబడుచుండిరి. భర్తలు యుద్ధమునకు పోయిరి. ఇంట బిడ్డ లాకలితో ఏడ్చుచుండిరి. 1917 మార్చి 8వ తేదీ స్త్రీల దినము. ఆనాడు బట్టల మిల్లులలోని పనికత్తెలు పని మాని, మాకు రొట్టె కావలెనని వీథులకు వచ్చి, ఇతర కర్మాగారముల పనివారిని గూడ పిలిచిరి. కొలది దినములలో వారిని కాల్చుమని పంపిన సైనికులే వారితో చేరిరి. అంత పెద్ద సామ్రాజ్యమును మొదట కదలించినవారు అన్నమునకై వరుసలో నిలిచిన యిల్లాండ్రని మనము మరువరాదు.

మార్చి 15వ తేదీని ప్స్కోవు పట్టణమున రైలుబండిలోనే నికొలాసు సింహాసనమును త్యజించెను. మొదట కుమారునకు రాజ్య మీయదలచి వైద్యుని పిలిచి అడిగెను. ఈ రోగము కుదురునది కాదని వైద్యుడు చెప్పెను. తండ్రి మనస్సు కరిగి, కుమారుని పక్షమున గూడ రాజ్యమును వదలుకొని తమ్ముడు మిఖయిలు పేర వ్రాసెను. అతడు మరునాడే వలదనెను. పండ్రెండేండ్లుగా దాచిన రోగమే తుదకు వంశరాజ్యమును ముగించు ఘడియలో మాటలాడెను! ఆ సమయమున అలెగ్జాండ్రా పొంగు చూపిన బిడ్డలకు సేవ చేయుచుండెను.

తరువాత వారు బందీలైరి. సౌధపు తోటలో నేల త్రవ్వి కూరగాయలు పెంచిరి. 1917 ఆగస్టులో వారిని సైబీరియాలోని తొబోల్స్క్ పట్టణమునకును, బోల్షివిక్కులు అధికారమునకు వచ్చిన పిమ్మట 1918లో యెకతెరిన్‌బర్గునకును తరలించిరి. అక్కడి యింటి కిటికీలకు సున్నము పూసి, చుట్టును ఎత్తైన దడి కట్టిరి. రాజకుమార్తెలు తమ నగలను లోదుస్తులలో కుట్టి దాచుకొనిరి. బట్ట లుతుకుటయు, వంటవానియొద్ద రొట్టె చేయుటయు నేర్చిరి.

1918 జులై 17వ తేదీ తెల్లవారకమునుపు వారిని లేపి, ఊరిలో అలజడిగా నున్నదని చెప్పి క్రింది గదికి తీసికొనిపోయిరి. నడువలేని కుమారుని తండ్రి ఎత్తుకొనెను. అక్కడ కావలి అధికారి యూరొవ్‌స్కీ మరణాజ్ఞను చదివెను. వెంటనే తుపాకులు ప్రేలెను. నగలు గుండ్లకు అడ్డుపడి ఆ బాలికల బాధను మరింత పొడిగించెను. వైద్యుడు బొత్కిన్, దాసి, వంటవాడు, సేవకుడు గూడ వారితోనే చంపబడిరి. మొత్తము పదునొకండుగురు. ప్రభుత్వము చక్రవర్తి మరణమును మాత్రమే ప్రకటించి, కుటుంబము క్షేమమని చెప్పెను. అందువలన అనస్తాసియాను నేనేయని చెప్పుకొన్న స్త్రీలు బయలుదేరిరి. వారిలో ప్రసిద్ధురాలైన ఆన్నా ఆండర్సన్ 1984లో మరణించెను. ఆమె రాజకుమార్తె కాదని 1994లో డి.ఎన్.ఎ. పరీక్ష తేల్చెను. 1991లో వెలికితీసిన అస్థికలకు 1998లో రాజలాంఛనములతో సమాధి జరిగెను. మిగిలిన యిద్దరు బిడ్డల అవశేషములు 2007లో దొరకెను. 2000 సంవత్సరమున రష్యా క్రైస్తవసంఘము వారిని పుణ్యపురుషులలో చేర్చెను.

ఆ రాజు పాలనలో ప్రజలు పడిన బాధలు నిజము. అయినను పాపమెరుగని పిల్లలను, ఉప్పు తిన్న సేవకులను చంపుట ఏ న్యాయమునకును ఒప్పదు. గోడ కావల ఒక తల్లి బిడ్డ ప్రాణమునకై ఏడ్చుచుండెను. ఈవల వేలకొలది తల్లులు బిడ్డల ఆకలికై ఏడ్చుచుండిరి. ఒకరి దుఃఖ మొకరికి తెలియలేదు. రోగమును సిగ్గుగా నెంచి దాచు అలవాటు మన యిండ్లలోను కలదు. దాచిన రోగమునకు వైద్యుడు దూరమగును, మంత్రగాడు దగ్గరగును. తమ చేతులతో పిండి పిసికి రొట్టె చేసి, అది రుచిగా నున్నదని ఆ రాజకుమార్తెలు సంతసించినది చెరలోనే. ఆ రొట్టె కొరకే అంతకు ముందటి యేడు పెట్రోగ్రాడు స్త్రీలు మంచులో నిలిచిరి.