లారీయే ఇల్లయినప్పుడు

జైపూర్‌లోని సింగరేణి 1,200 మెగావాట్ల కరెంటు ప్లాంటు నుంచి బూడిద లోడుతో బయల్దేరితే నాలుగు రోజులు క్యాబినే నా ఇల్లు. పొద్దున లేవగానే గాలి ట్యాంకు వాల్వు తిప్పుతా. తుస్సుమని నీళ్లు పడతాయి. అవి నిలిస్తే బ్రేకులకు ముప్పు. బండికి 24 వోల్టులు, అంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు. ఫోన్ ఛార్జింగ్‌కు, ఫ్యానుకు ఒక్కదాని నుంచే వైరు లాగితే అది ముందే చస్తుంది. నాకలాగే ఒకటి పోయింది. 24 వోల్టులను 12కు దించే కన్వర్టర్ పెట్టించాకే నిశ్చింత.

63వ నంబరు జాతీయ రహదారిలో చెన్నూరు దాటి ప్రాణహిత వైపు పోతుంటే అక్కడక్కడ సిగ్నల్ ఉండదు. చెన్నూరులోనే మ్యాపు దింపుకుని, రాత్రి ఎక్కడ ఆగుతానో ఇంటికి చెప్తా. మన సిమ్‌కు సిగ్నల్ లేకున్నా, వేరే కంపెనీది అందితే అత్యవసర నంబరు 112 కలుస్తుంది. ఈ ముక్క మీ ఇంట్లో బండెక్కే ప్రతి ఒక్కరికీ చెప్పండి.