తెలుగులో నవ్వడం నేర్పే సినిమా ‘చంటబ్బాయ్’

చిరంజీవి గారి కామెడీ అనగానే మనవాళ్ళలో చాలామందికి ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ గుర్తొస్తుంది. కొంచెం పెద్దవాళ్ళయితే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ అంటారు. ‘చంటబ్బాయ్’ పేరు చెప్పేవాళ్ళు తక్కువ. కానీ చెప్పినవాళ్ళు అంతటితో ఆగరు. ఒక డైలాగ్ అందుకుంటారు, పక్కనున్నవాళ్ళు రెండోది అందుకుంటారు, ఇక భోజనం దగ్గర మిగతావాళ్ళకి మాట్లాడే వీలుండదు. మా బ్రాంప్టన్‌లో పాట్‌లక్‌లకి వెళ్ళినప్పుడు ఇది నేను చాలాసార్లు చూశాను.

ఈ సినిమా 1986లో వచ్చింది. నా వయసు కూడా ఇంచుమించు అంతే. వచ్చినప్పుడు పెద్దగా ఆడలేదు. తర్వాత టీవీల్లో, క్యాసెట్లలో, ఇప్పుడు ఫోన్లలో ముక్కలు ముక్కలుగా బతుకుతోంది. అది ఎందుకు ఆడలేదో, ఎందుకు బతికిందో, కెనడాలో పిల్లల్ని పెంచుతున్న మనకి ఎందుకు పనికొస్తుందో ఈ వారం చెప్పుకుందాం.

కథ కొంచెం, గుట్టు విప్పకుండా

మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల ‘చంటబ్బాయ్’ దీనికి మూలం. దర్శకుడు జంధ్యాల, సంగీతం చక్రవర్తి. విశాఖపట్నంలో ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసే పాండురంగారావు తనని తాను ‘జేమ్స్ పాండ్’ అని పరిచయం చేసుకుంటూ తిరుగుతాడు. జ్వాల (సుహాసిని) అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె ఒక హత్య కేసులో ఇరుక్కుంటే బయటపడేస్తాడు. తర్వాత ఎప్పుడో తప్పిపోయిన ‘చంటబ్బాయ్’ అనే మనిషిని వెతికే పని మీద పడుతుంది. జగ్గయ్య, చంద్రమోహన్, సుత్తి వేలు, శ్రీలక్ష్మి, పొట్టి ప్రసాద్ ఉన్నారు. నిర్మాతగా మనందరికీ తెలిసిన అల్లు అరవింద్ గారు కూడా చిన్న పాత్రలో కనిపిస్తారు.

ఇందులో చిరంజీవి గారు ఆడవేషం వేశారు, ఒక పాటలో చార్లీ చాప్లిన్ అయ్యారు. అవమానాలు పడతారు, బోల్తా పడతారు, ఎదుటివాళ్ళ వెక్కిరింతలు వింటారు. 1983లో ‘ఖైదీ’ వచ్చాక ఆయన సినిమా అంటే ఫైట్లు, డ్యాన్సులు అని జనం మనసులో స్థిరపడిపోయింది. అలాంటి హీరో మూడేళ్ళ తర్వాత తన మీద తనే జోకులు వేసుకుంటుంటే, ఈలలు వేద్దామని వచ్చినవాళ్ళకి ఎక్కడ ఈల వేయాలో తెలియలేదని నాకనిపిస్తుంది. సినిమాలో లోటు ఉండి కాదు, వచ్చినవాళ్ళు వేరేదాని కోసం వచ్చారు.

ఇలా జరిగింది ఈ ఒక్క సినిమాకే కాదు. హిందీలో ‘అందాజ్ అప్నా అప్నా’ 1994లో విడుదలైనప్పుడు ఆడలేదు, టీవీల్లో చూసి చూసి జనం దాన్ని కంఠతా పట్టారు. అమెరికాలో ‘ద బిగ్ లెబోవ్‌స్కీ’ (1998) సంగతీ అంతే. కామెడీకి రెండోసారి చూడటం చాలా అవసరం. మొదటిసారి కథ ఏమవుతుందా అని చూస్తాం, రెండోసారి మాటలు వింటాం. థియేటర్‌లో దొరకని ఆ రెండోసారి ఇంట్లో దొరుకుతుంది.

జోక్ ఎక్కడ కరుగుతుంది?

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఇప్పుడు ఆ చదువు వంటింట్లో తప్ప ఎక్కడా వాడటం లేదు కానీ, ఒక సంగతి మాత్రం రోజూ గుర్తొస్తుంది. ఉప్పు నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, అదే ఉప్పు నూనెలో వేస్తే అడుగున కూర్చుంటుంది. తప్పు ఉప్పుది కాదు. జోక్ కూడా అంతే, ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే కరుగుతుంది.

మా అబ్బాయికి 11 ఏళ్ళు. ఇక్కడే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, చిన్న చిన్న మాటలు మాట్లాడతాడు. స్కూల్లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాడు. శనివారం పొద్దున మేము మా నాన్నగారికి వీడియో కాల్ చేస్తాం. ఆయనది ప్రతి మాటకీ ఒక విరుపు విరిచే అలవాటు. ఆయన జోక్ వేస్తే మావాడు నా మొహం చూస్తాడు. నేను ఇంగ్లీషులో చెప్పేసరికి జోక్ అయిపోతుంది. ఆయన "సరేలే, బాగా చదువుకుంటున్నావా?" అని మాట మార్చేస్తారు. ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి ఆయన జోకులు వేయడమే తగ్గించారు. అది నాకు గుచ్చుకుంది. భాష అర్థమవడం వేరు, ఆ భాషలో నవ్వు రావడం వేరు. రెండోది రాకపోతే తాతకీ మనవడికీ మధ్య మిగిలేది మార్కులు, వాతావరణం మాత్రమే.

అందుకే పోయిన చలికాలంలో మావాడితో కలిసి ‘చంటబ్బాయ్’ చూడటం మొదలుపెట్టాను. చూస్తుంటే దాంట్లో నవ్వు మెట్లు మెట్లుగా ఉందని అర్థమైంది. పిల్లలు ఏ మెట్టు మీద ఉంటే అక్కడ ఎక్కచ్చు.

మొదటి మెట్టుకి భాష అక్కర్లేదు. చాప్లిన్ వేషం, నడక, పడటం, లేవటం. మావాడు మొదట నవ్వింది ఇక్కడే.

రెండో మెట్టు సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ‘జేమ్స్ పాండ్’ అన్న పేరే చూడండి. జేమ్స్ బాండ్ మన పిల్లలందరికీ తెలుసు. ‘పాండ్’ అంటే చెరువని కూడా తెలుసు. తెలియనిదల్లా పాండురంగారావుని ఇంట్లో ‘పాండు’ అని పిలుస్తారని. ఆ ఒక్క ముక్క చెప్పగానే మావాడికి మొత్తం వెలిగింది. పాండు పాండ్ అయ్యాడు, పాండ్ బాండ్ అవుదామనుకుంటున్నాడు. ప్రపంచాన్ని కాపాడే గూఢచారి పక్కన మన ఊరి చెరువు! పేరులోనే పాత్ర మొత్తం ఉంది.

మూడో మెట్టు పూర్తిగా తెలుగు. శ్రీలక్ష్మి గారు ఇందులో కవిత్వం పిచ్చి ఉన్న మనిషి. పత్రిక ఎడిటర్ పొట్టి ప్రసాద్ గారి మీద తన కవితలు ప్రయోగిస్తుంది, అది చాలక వింత పేర్లతో సొంతంగా కనిపెట్టిన వంటకాలు కూడా తినిపిస్తుంది. ఆ కవితల్లో అర్థం తక్కువ, ప్రాస ఎక్కువ. ప్రాస కుదిరింది కాబట్టి కవిత్వమేనని ఆవిడ నమ్మకం. పద్యాలు బట్టీ పట్టి పెరిగిన మనకి అది వినగానే నవ్వొస్తుంది, ఎందుకంటే ప్రాస అంటే ఎంత గౌరవమో మనకి తెలుసు. ఆ గౌరవం తెలియని పిల్లలకి నవ్వు రాదు. మావాడికీ మొదటిసారి రాలేదు.

జంధ్యాల గారి పద్ధతి

జంధ్యాల గారు ‘శంకరాభరణం’, ‘సాగర సంగమం’ సినిమాలకి మాటలు రాసిన మనిషి. 1981లో ‘ముద్దమందారం’తో దర్శకుడయ్యారు, 2001లో 50 ఏళ్ళకే పోయారు. మన విదేశీ తెలుగువాళ్ళ బతుకు మీద అమెరికాలో ‘పడమటి సంధ్యారాగం’ (1987) తీసింది కూడా ఆయనే.

ఆయన హాస్యంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి మనిషికీ ఒక్క పిచ్చి ఇస్తారు, ఆ పిచ్చిని చాలా సీరియస్‌గా నడిపిస్తారు. ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మి గారు చూసిన సినిమా కథని టైటిల్స్ నుంచీ మొదలుపెట్టి చెబుతుంది. ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు గారు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటారు. వీళ్ళెవరూ తాము నవ్విస్తున్నామని అనుకోరు. వాళ్ళ దృష్టిలో వాళ్ళు చేసేది చాలా సబబు. మన ఇళ్ళల్లో ఇలాంటి పెదనాన్న ఒకరు, అత్తయ్య ఒకరు ఉంటారు కాబట్టే అది మనకి అంత దగ్గరగా ఉంటుంది.

రెండోది తిట్లు. ఆయన పాత్రలు కోపంతో ఊగిపోతూ తిడతాయి, కానీ అందులో బూతు ఉండదు, కొత్తగా పుట్టించిన మాటలు ఉంటాయి. తాతయ్య, మనవరాలు ఒకే సోఫాలో కూర్చుని చూడచ్చు. రిమోట్ పట్టుకుని కాపలా కాయక్కర్లేదు.

ఇక్కడి మనుషులకి చెప్పాలంటే నేను ‘స్ట్రేంజ్ బ్రూ’ (1983) పేరు చెబుతాను. అందులో బాబ్, డగ్ మెకెంజీ అనే అన్నదమ్ములు మొదట ఎస్‌సీటీవీ అనే కార్యక్రమంలో పుట్టారు. కెనడా ప్రసారానికి అదనంగా ఉన్న రెండు నిమిషాల్లో కెనడాతనం చూపించమని సీబీసీ వాళ్ళు అడిగితే, నటులు ఆ మాటనే వెక్కిరిస్తూ నెత్తిన టోక్, చేతిలో బీరు, వాక్యం చివర ‘ఏ’ పెట్టి ఇద్దరిని తయారుచేశారు. కెనడావాళ్ళు తమ యాసని, తమ అలవాట్లని చూసి తామే నవ్వుకున్నారు. ‘చంటబ్బాయ్’ మనకి ఇచ్చేది కూడా అదే. మనల్ని చిన్నబుచ్చకుండా మన మీద మనం నవ్వుకోవడం.

ఈ సినిమాలో అన్నీ బాగున్నాయని నేను అనను. చంటబ్బాయ్‌ని వెతికే భాగంలో సెంటిమెంట్ బరువు ఎక్కువై నవ్వు పలచబడుతుంది. పిల్లలు అక్కడ కదులుతారు. కొన్ని వెక్కిరింతలు ఈ రోజుల్లో రాసేవి కావు, అవి వచ్చినప్పుడు పిల్లలతో ఒక మాట మాట్లాడితే మంచిదే. అయినా నవ్వించే డిటెక్టివ్ అనే దారి తెలుగులో గట్టిగా వేసింది ఈ సినిమా. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో నవీన్ పొలిశెట్టి నెల్లూరులో చిన్న ఆఫీసు పెట్టి పెద్ద పోజు కొడుతుంటే, నాకు విశాఖ వీధుల్లో పాండ్ గారే కనిపించారు.

మా ఇంట్లో ఏం పని చేసింది

మేము ఒకేసారి చూడలేదు, మూడు వారాంతాలు పట్టింది. శ్రీలక్ష్మి గారి సీన్ ముందు నేను మావాడికి ప్రాస అంటే ఏమిటో పది నిమిషాలు చెప్పాను, రాప్ పాటల్లో మాటలు ఎలా కలుపుతారో అలాంటిదే అని. రెండోసారి చూసినప్పుడు వాడు ఎడిటర్ మొహం చూసి కుర్చీలోంచి జారిపోయాడు. ఆ వారమే హాకీకీ హల్వాకీ ముడిపెట్టి ఒక లైను కట్టి తాతకి ఫోన్‌లో వినిపించాడు. అందులో వ్యాకరణం లేదు. నాన్నగారు ఇంకోసారి చెప్పమన్నారు, మళ్ళీ చెప్పించుకున్నారు, తర్వాత జవాబుగా తనో లైను కట్టారు. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరిగాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మీరు కూడా చూద్దామనుకుంటే నావి రెండు మూడు సలహాలు. ముందు పిల్లలకి జేమ్స్ బాండ్ తెలుసో లేదో కనుక్కోండి, తెలియకపోతే ఒక చిన్న ట్రైలర్ చూపించండి. సబ్‌టైటిల్స్ మీద ఆధారపడకండి, అవి కథ చెబుతాయి కానీ జోక్ చెప్పవు. సీన్‌కి ఒక్కసారి కంటే ఎక్కువ ఆపి వివరించకండి, ఆపిన కొద్దీ నవ్వు చల్లారుతుంది. అర్థం కానిది వదిలేయండి, రెండోసారికి పనికొస్తుంది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ తాతయ్యలకి కూడా అదే వారం చూడమని చెప్పండి, ఆదివారం మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

మీరు ముందే చూసి ఉంటే ఇంకొక్క మాట. చంటబ్బాయ్ ఎవరన్నది మాత్రం చివరిదాకా నోరు జారకండి. ఆ డిటెక్టివ్ పని పిల్లలకే వదిలేయండి.