కస్తూర్బా ఓర్పును పొగిడితే చాలదు

కస్తూర్బా గాంధీ 1944 ఫిబ్రవరి 22న, మహాశివరాత్రి సాయంత్రం, పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 74 ఏళ్లు. బ్రిటిష్ ప్రభుత్వ ఖైదీగానే ప్రాణం విడిచారు. గాంధీజీ స్వయంగా వడికిన నూలుతో నేసిన చీర కట్టి ఆమెను సాగనంపారు. అరవై ఏళ్లు దాటిన కాపురం అది. ఆమె గురించి ఎవరు మాట్లాడినా మొదట వినిపించేవి మూడు మాటలు: మహాత్ముడి భార్య, నలుగురు కొడుకుల తల్లి, ఓర్పుకు మారుపేరు. మూడూ నిజాలే. అయితే ఈ మూడింటితో సరిపెట్టుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఒక భార్యను, ఒక తల్లిని తలచుకునేటప్పుడు ఆమె ఏమేం భరించిందో చెబితే సగమే చెప్పినట్టు. ఆమె ఏం ఆలోచించింది, దేనికి ఒప్పుకుంది, దేనికి ఎదురు నిలిచింది అన్నది కూడా చెప్పాలి. కస్తూర్బా జీవితమే ఇందుకు మంచి సాక్ష్యం.

1901 నాటి సంగతి చూడండి. దక్షిణాఫ్రికాలో ప్రజాసేవ చేసి కుటుంబంతో స్వదేశానికి బయలుదేరిన గాంధీకి అక్కడి భారతీయులు విలువైన కానుకలిచ్చారు. వాటిలో 50 గినీల ఖరీదు చేసే బంగారు హారం ప్రత్యేకంగా కస్తూర్బా కోసం ఇచ్చింది. సేవకు ప్రతిఫలం తీసుకోకూడదని గాంధీ ఆ రాత్రంతా మథనపడి, అన్నీ తిరిగి ఇచ్చేయాలని తీర్మానించుకున్నారు. పిల్లలను ముందే ఒప్పించారు. కస్తూర్బా మాత్రం ఒప్పుకోలేదు. రేపు కోడళ్లు వస్తే వాళ్లకేం పెడతామని అడిగారు. నా నగలు ఎప్పుడో తీసేసుకున్నారు, ఇప్పుడు కోడళ్లకు కొంటారంటే నమ్మేదెలా అన్నారు. ఈ హారం నీ సేవకిచ్చారా, నా సేవకిచ్చారా అని భర్త నిలదీస్తే ఆమె చెప్పిన జవాబు నేటికీ పదునుగానే ఉంది: మీరు చేసిన సేవ నేను చేసినట్టు కాదా, పగలనక రాత్రనక ఈ ఇంట్లో నేను చేసిన చాకిరీ సేవ కాదా అని అడిగారు. చివరికి నెగ్గింది గాంధీ పట్టుదలే. కానుకలన్నీ ప్రజాసేవ కోసం ట్రస్టుకు చేరాయి. ఆ నిర్ణయం మంచిదే. అంతమాత్రాన కస్తూర్బా అడిగిన ప్రశ్న తప్పయిపోదు. ఇంటిపనికి విలువ కట్టమని ఒక గృహిణి నూట ఇరవై ఏళ్ల కిందటే అడిగారు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో జీతంలేని పనులు చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆమె ప్రశ్నకు మన సమాజం ఇంకా జవాబు చెప్పుకోలేదని ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఇంటి హక్కు కోసం నిలబడిన మనిషే బయటి పోరాటంలోకీ తన ఇష్టంతోనే నడిచారు. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని అర్థమొచ్చేలా 1913 మార్చిలో దక్షిణాఫ్రికా కోర్టు ఒకటి తీర్పిచ్చింది. దాంతో అక్కడి భారతీయ స్త్రీలకు చట్టం ముందు భార్య హోదా లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. దానికి నిరసనగా ఆ సెప్టెంబరులో ఫీనిక్స్ ఆశ్రమం నుంచి బయలుదేరిన తొలి సత్యాగ్రహుల బృందంలో కస్తూర్బా ఉన్నారు. అనుమతి లేకుండా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటినందుకు మూడు నెలల కఠిన శిక్ష పడింది. విడుదలై వచ్చేసరికి మనిషి చిక్కి శల్యమయ్యారు. 1939లో రాజ్‌కోట్ ఉద్యమంలో ముసలితనంలోనూ నిర్బంధానికి వెళ్లారు. 1942 ఆగస్టు 9 తెల్లవారుజామున బొంబాయిలో గాంధీని అరెస్టు చేస్తే, ఆ సాయంత్రం శివాజీ పార్కులో ఆయన మాట్లాడాల్సిన సభలో తాను మాట్లాడతానని ప్రకటించారు. సభకు చేరకముందే ఆమెనూ అరెస్టు చేశారు. ఆ అరెస్టే ఆమెను ఆగాఖాన్ ప్యాలెస్‌కు చేర్చింది. భర్త వెంట నీడలా వెళ్లినందుకు పడిన శిక్ష కాదది. తానుగా సభలో మాట్లాడతానన్నందుకు పడిన శిక్ష.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఆమె తనను తాను భార్యగా, తల్లిగానే చూసుకున్నారు కదా, మన కాలపు ఆలోచనలను ఆమెకు అంటగట్టడం ఎందుకు అని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. పూజలు, ఉపవాసాలు, పిల్లల బాగోగులు ఆమెకు ప్రాణప్రదమైనవి. పెద్దకొడుకు హరిలాల్ తండ్రికి దూరమై, వ్యసనాలపాలై, 1936లో మతం మారినప్పుడు, ఆ తల్లి కడుపుకోత బహిరంగ లేఖగా పత్రికల్లోకెక్కింది. అమ్మతనం ఆమెకు అంత లోతైనది. అయితే భార్య కావడం, తల్లి కావడం మనిషి ఆలోచనను చంపేసే పాత్రలని ఎందుకనుకోవాలి? హారం విషయంలో ఆమె వాదించింది కోడళ్ల గురించి ఆలోచించే తల్లిగానే. సరిహద్దు దాటింది తన పెళ్లికి గౌరవం కోరే భార్యగానే. ఆ పాత్రల్లో ఉంటూనే ఆమె నిర్ణయాలు తీసుకున్నారు. కాబట్టి వాటిని గుర్తుచేసుకోవడం ఆమె విశ్వాసాలకు విరుద్ధం కానేకాదు.

రెండో అభ్యంతరం ఆధారాల గురించి. కస్తూర్బాకు చదువు అంతంత మాత్రం. మనకు తెలిసినదాంట్లో చాలాభాగం గాంధీ రాసిందే. భర్త చెప్పిన కథలో భార్య గొంతు ఎంతవరకు నిజం అని అడగడం సబబే. కానీ ఆ రాతలోని ముఖ్యమైన ఘట్టాలు గాంధీని గొప్పచేసేవి కావు. తన అనుమతి లేకుండా గుడికి కూడా వెళ్లకూడదని తాను ఆంక్షలు పెట్టడం, పదమూడేళ్ల పెళ్లికూతురు వాటిని లెక్కచేయకపోవడం ఆయనే రాసుకున్నారు. డర్బన్‌లో ఇంట్లో ఉన్నవారి మూత్రపాత్ర శుభ్రం చేసే విషయంలో గొడవపడి, భార్యను చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లాననీ, సిగ్గులేదా, పుట్టింటివాళ్లెవరూ లేనిచోట నేనెక్కడికి పోవాలి అని ఆమె నిలదీస్తే తాను తలదించుకున్నాననీ రాశారు. తన తప్పును తానే ఒప్పుకుంటూ చెప్పిన సాక్ష్యానికి బలం ఎక్కువ. పైగా జైలుశిక్షలకు, అరెస్టులకు ప్రభుత్వ రికార్డులున్నాయి.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలి, పాత గొడవలు తవ్వడం దేనికి అనేది మూడో అభ్యంతరం. మన సంప్రదాయంలో ఇది గట్టిగా నాటుకున్న మాట. దాని వెనక ఉన్న మర్యాదను గౌరవించాల్సిందే. కానీ భార్య భర్త మాటను కాదన్నది, వాదించింది, కోపగించింది అని చెప్పడం ఆమెను తక్కువ చేయడం ఎలా అవుతుంది? ఎదురు చెప్పలేని మనిషి ఓర్పుకు విలువ తక్కువ. కాదనగలిగి కూడా కలిసి నడవడంలోనే ప్రేమ ఉంది. గాంధీ చివరిదాకా ఆమెను అంతగా ప్రేమించడానికి, ఆమె పోయాక అంతగా కుంగిపోవడానికి మూలం ఈ సమానత్వంలోనే ఉంది.

కస్తూర్బా స్మృతికి దేశం ఎంచుకున్న మార్గాలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆమె పేర ఏర్పడిన జాతీయ స్మారక నిధి పల్లెటూళ్లలోని స్త్రీలు, పిల్లల కోసం పనిచేయడానికి పుట్టింది. 2003 నుంచి ఆమె పుట్టినరోజు ఏప్రిల్ 11ను సురక్షిత మాతృత్వ దినంగా పాటిస్తున్నాం. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఇవాళ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల్లోని పేదింటి ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. చదువుకు నోచుకోని తల్లి పేరు మీద ఆడపిల్లల చదువు సాగడం కంటే తగిన నివాళి లేదు. ఆ బడుల్లో ఆమెను సహనశీలిగా మాత్రమే పరిచయం చేస్తే సరిపోదు. ఆమె అడిగిన ప్రశ్నలను కూడా ఆ పిల్లలకు చెప్పాలి.

ఈ మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది. అమ్మ సంవత్సరీకానికి పత్రికలో ప్రకటన ఇచ్చేటప్పుడు, ఆమె గురించి నాలుగు మాటలు రాసేటప్పుడు, అనురాగమయి, త్యాగశీలి అన్న మాటల దగ్గర ఆగిపోకండి. ఆమె ఏ ఊళ్లో పుట్టింది, ఎంతవరకు చదివింది, ఏ పనిలో చెయ్యి తిరిగిన మనిషి, ఇంట్లో ఏ పెద్ద నిర్ణయం ఆమె మాట మీద జరిగింది, దేనికి ససేమిరా అంది అన్నవి కూడా రాయండి. తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి. మనవలకు తమ నాయనమ్మ, అమ్మమ్మ ఎలాంటి మనుషులో తెలియాల్సిన అవసరం ఉంది.